మనింటి దీపం, ఏ ఊరి పొగ?

మన కన్వెన్షన్లలో ఇద్దరు తెలుగువాళ్ళు మొదటిసారి కలుసుకుంటే అడిగే ప్రశ్నలు రెండు. "మీదే ఊరండీ?" అన్నది మొదటిది. "ఇక్కడ ఎక్కడుంటారు?" అన్నది రెండోది. డాలస్ అనో, ఎడిసన్ అనో, నేపర్‌విల్ అనో, బెల్‌వ్యూ అనో జవాబు రాగానే మాట ఇళ్ళ ధరల మీదికో, పిల్లల స్కూళ్ళ మీదికో వెళ్ళిపోతుంది. పాతికేళ్ళకు పైగా కరెంటు కంపెనీల్లో పనిచేసిన నాకు మాత్రం ఆ ఊరి పేరు వినగానే అక్కడి కరెంటు ఎక్కడ పుడుతుందో మనసులో మెదులుతుంది. వృత్తిదోషం అనుకోండి! డాలస్ అంటే సహజవాయువు, గాలిమరలు. నేపర్‌విల్ అంటే అణువిద్యుత్తు. బెల్‌వ్యూ అంటే కొలంబియా నది.

ఇందులో పెద్ద విశేషమేముంది, ఎక్కడైనా బల్బు బల్బే కదా అనవచ్చు. ఒక చిన్న లెక్క చూడండి. నెలకి వెయ్యి యూనిట్లు వాడే ఇల్లు ఒకటి తీసుకుందాం. యూనిట్ అంటే ఇక్కడి బిల్లులో కనిపించే కిలోవాట్ అవరే. ఆ ఇల్లు వెస్ట్ వర్జీనియాలో ఉంటే దాని కోసం నెలకి దాదాపు తొమ్మిది వందల కిలోల కార్బన్ డయాక్సైడ్, అంటే మన చిన్నప్పటి పాఠాల్లోని బొగ్గుపులుసు వాయువు, గాలిలో కలుస్తుంది. టెక్సాస్‌లో అయితే నాలుగు వందల కిలోలకి కొంచెం అటూ ఇటూ. వాషింగ్టన్ రాష్ట్రంలో అయితే రమారమి వంద కిలోలు. హైదరాబాదులోనో విజయవాడలోనో అంత కరెంటే వాడితే సుమారు ఏడు వందల కిలోలు. అదే టీవీ, అదే ఫ్రిజ్, అదే ఇడ్లీపిండి రుబ్బే గ్రైండరు. తేడా అంతా తీగ రెండో కొసన ఉంది. ఆ కొసన ఏముందో మన పుట్టుకకు ముందే ఎవరెవరో నిర్ణయించేశారు. ఆ నిర్ణయాల కథ కొంత, అవి కంటికి కనిపించేలా పటాలు గీసిన వాళ్ళ కథ కొంత ఈ వ్యాసంలో చెబుతాను.

కథ మన తెలుగువాళ్ళకి బాగా తెలిసిన ఊళ్ళోనే మొదలవుతుంది. న్యూజెర్సీలో ఓక్ ట్రీ రోడ్డు మీద దోసెలు తిని, బంగారం షాపుల్లో బేరాలాడే మనవాళ్ళలో చాలామంది, అక్కడికి కాస్త దూరంలోనే ఉన్న మెన్లో పార్క్ స్తంభాన్ని చూసి ఉండరు. థామస్ ఎడిసన్ ప్రయోగశాల అక్కడే ఉండేది. 1879 డిసెంబరు 31 రాత్రి తన కొత్త బల్బులు వెలిగించి జనానికి చూపించింది అక్కడే. అప్పట్లో ఆ ఊరి పేరు రారిటన్ టౌన్‌షిప్. 1954లో ఆయన పేరే పెట్టుకుని ఎడిసన్ అయింది. ఆ తరవాత కొన్ని దశాబ్దాలకి మనం వెళ్ళి దాన్ని సగం తెలుగు ఊరు చేశాం!

బల్బు ఒక్కటీ ఉంటే చాలదు, కరెంటు కావాలి. ఎడిసన్ 1882 సెప్టెంబరు 4న న్యూయార్కులోని పెర్ల్ స్ట్రీటులో బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం ప్రారంభించాడు. మొదట్లో దానికి ఎనభై పైచిలుకు వినియోగదారులు, నాలుగు వందల దీపాలు ఉండేవి. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. నాకు మాత్రం ఆ నెల చివర జరిగింది ఇంకా ముఖ్యంగా కనిపిస్తుంది. సెప్టెంబరు 30న విస్కాన్సిన్‌లోని ఆపిల్టన్ ఊళ్ళో ఫాక్స్ నది నీటితో నడిచే కేంద్రం మొదలైంది. యంత్రం ఎడిసన్ కంపెనీదే. అంటే బొగ్గు కరెంటూ, నీటి కరెంటూ ఈ దేశంలో ఒకే నెలలో పుట్టిన అక్కాచెల్లెళ్ళు. వాటి మధ్య పోటీ ఈనాటికీ తీరలేదు. అదే ఏడాది జనవరిలో ఎడిసన్ కంపెనీ లండన్‌లో హోల్‌బోర్న్ వయాడక్ట్ దగ్గర బొగ్గు కేంద్రం పెట్టింది. అలా మొదలైన బ్రిటన్ బొగ్గు కరెంటు 2024 సెప్టెంబరు 30న రాట్‌క్లిఫ్ కేంద్రం మూతపడడంతో ముగిసింది. నూట నలభై రెండేళ్ళ ఆయుష్షు అన్నమాట.

పెర్ల్ స్ట్రీట్ కేంద్రం ఊరి నడిబొడ్డున ఉండేది. దీపం వెలిగించుకున్న వాడికీ, పొగ పీల్చేవాడికీ మధ్య అర మైలు దూరం కూడా లేదు. మన ఇళ్ళలోనూ అంతే కదా. సాయంత్రం కాగానే మా నాయనమ్మ లాంతరు చిమ్నీని బూడిదతో తోమి, పాత పంచెగుడ్డతో తుడిచేది. వెలుగుకి మసి ఉంటుందని ఆవిడకి ఎవరూ చెప్పనక్కరలేదు, ఆవిడ వేళ్ళకే అంటుకునేది. ఈ బంధాన్ని తెంపింది ఏసీ కరెంటు. 1896 నవంబరులో నయాగరా జలపాతం దగ్గర పుట్టిన కరెంటు ఇరవై మైళ్ళ పైచిలుకు దూరంలోని బఫెలో నగరానికి తీగల మీద చేరింది. అప్పటి నుంచి దీపం ఒక ఊళ్ళో, దాని మసి మరో ఊళ్ళో. నిప్పు లేనిదే పొగ రాదని మనకి సామెత. నిప్పు వందల మైళ్ళ దూరంలో ఉంటే పొగ ఎవరికి కనిపిస్తుంది?

నీటి సంగతి ముందు చూద్దాం. ఇప్పటి పటాల్లో వాషింగ్టన్, ఓరెగాన్ రాష్ట్రాలు పచ్చగా మెరిసిపోతాయి. దానికి మూలం 1930ల్లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం మొదలుపెట్టిన గ్రాండ్ కూలీ డ్యామ్. అది 1941లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ కరెంటుతో యుద్ధవిమానాలకు అల్యూమినియం తయారైంది, హాన్‌ఫర్డ్‌లో ప్లుటోనియం తయారైంది. ఇప్పటికీ అమెరికాలో అతి పెద్ద విద్యుత్ కేంద్రం అదే, సామర్థ్యం 6,800 మెగావాట్లు. దానివల్ల సాల్మన్ చేపలు పైకి రావడం ఆగిపోయింది, కెటిల్ ఫాల్స్ అనే జలపాతం మునిగిపోయింది. అక్కడ తరతరాలుగా చేపలు పట్టుకుని బతికిన ఆదివాసీలు 1940లో చివరిసారి సమావేశమైతే దానికి 'కన్నీళ్ళ వేడుక' అని పేరొచ్చింది. కొల్విల్ తెగల వారికి నష్టపరిహారం కింద ఐదు కోట్ల ముప్పై లక్షల డాలర్లు, ఏటా కొంత సొమ్ము ఇవ్వడానికి అమెరికా ప్రభుత్వం ఒప్పుకున్నది 1994లో. డ్యామ్ కట్టిన యాభై ఏళ్ళ తరవాత! అదే నది దిగువన ద డాల్స్ డ్యామ్ గేట్లు 1957 మార్చి 10న దించితే, వేల ఏళ్ళుగా చేపల సంతలా వెలిగిన సెలైలో జలపాతం కొన్ని గంటల్లో నీటి అడుక్కి పోయింది.

ఇది చదువుతుంటే మీలో కొందరికి శ్రీశైలం గుర్తొచ్చే ఉంటుంది. శ్రీశైలం జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎన్నో ఊళ్ళు పోయాయి. పొలాలూ, ఇళ్ళూ, ఊరి చివర వేపచెట్టు కింద కూర్చునే రచ్చబండా అన్నీ. సంగమేశ్వరం గుడి ఈనాటికీ వేసవిలో నీళ్ళు తగ్గినప్పుడు బయటపడి, వరద రాగానే మళ్ళీ మునుగుతుంది. కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురానికి తరలించారు. 1982లో శ్రీశైలం కుడిగట్టున కరెంటు పుట్టింది. దాంట్లో పొగ లేని మాట నిజం. ఆ ఊళ్ళవాళ్ళు మటుకు ఏ పటంలోనూ ఏ రంగూ లేకుండా పోయారు. 'ముంపు గ్రామాలు' అన్న ఒక్క మాటలో అందరూ సర్దుకున్నారు.

అమెరికా డ్యాములకీ మనకీ సంబంధం ఇంకొకటి ఉంది. 1933 మే 18న పుట్టిన టెనెసీ వ్యాలీ అథారిటీ, మనందరం టీవీఏ అని చదువుకున్న సంస్థ, స్వతంత్ర భారతానికి ఆదర్శమైంది. 1948లో వచ్చిన దామోదర్ వ్యాలీ కార్పొరేషన్ దాని నమూనాలోదే. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కి నెహ్రూ శంకుస్థాపన చేసిన రోజుల్లో నీటి ప్రాజెక్టు అంటే దేశం దేశమే ఒక పూనకంలో ఉండేది. అదే ఏడాది మాచ్‌ఖండ్ కరెంటు కోస్తా జిల్లాలకి రావడం మొదలైంది. విచిత్రమేమంటే, మనం టీవీఏని చూసి ఆనకట్టలు కడుతున్న ఆ రోజుల్లోనే టీవీఏ బొగ్గు వైపు తిరిగిపోయింది. నదిలో కట్టదగ్గ చోట్లన్నీ అయిపోయాయి, కరెంటు అవసరం మాత్రం ఆగలేదు. 1955లో పూర్తయిన దాని కింగ్‌స్టన్ కేంద్రం అప్పటికి ప్రపంచంలోకెల్లా పెద్ద బొగ్గు విద్యుత్ కేంద్రం. 2008 డిసెంబరు 22న ఆ కేంద్రం బూడిద చెరువు గట్టు తెగి, వంద కోట్ల గాలన్లకు పైగా బూడిద బురద చుట్టుపక్కల ఇళ్ళ మీదా, నది మీదా పడింది.

మనదీ అదే దారి. తెలుగునేల మీద బొగ్గు చరిత్ర చిన్నదేమీ కాదు. 1871లో జియలాజికల్ సర్వేకి చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు ఉందని కనిపెట్టాడు. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో ఏర్పడింది. హుస్సేన్ సాగర్ ఒడ్డున నిజాం కాలపు థర్మల్ కేంద్రం కూడా ఆ రోజుల్లోదే. అయినా 1960ల దాకా ఆంధ్రప్రదేశ్ కరెంటు అంటే ముఖ్యంగా నీళ్ళే. వానలు సరిగ్గా పడని ఏడాది కరెంటు కోత తప్పేది కాదు. కొత్తగూడెం కేంద్రం 1966లో మొదలైంది. 1979లో ఇబ్రహీంపట్నం దగ్గర విజయవాడ థర్మల్ స్టేషన్ వచ్చింది. ఇప్పుడు దానికి విద్యుత్ బోర్డు ఛైర్మన్‌గా పనిచేసిన నార్ల తాతారావుగారి పేరే ఉంది. 1983లో రామగుండంలో ఎన్‌టీపీసీ మొదటి యూనిట్ నడిచింది. ఈ కేంద్రాల పొగగొట్టాల పుణ్యమా అని మా తరం ట్యూబ్‌లైటు కింద చదువుకుని, ఇంజనీరింగు సీటు తెచ్చుకుని, విమానం ఎక్కింది. వాటిని తిట్టడానికి నాకు నోరు రాదు. రామగుండం కరెంటు కర్ణాటక, తమిళనాడు, కేరళ దాకా వెళ్ళింది. బూడిద మాత్రం గోదావరి పక్కనే ఉండిపోయింది.

పొగ ఒకరిది, దీపం ఒకరిది అన్న మాటకి అమెరికాలో ఇంతకన్నా పదునైన ఉదాహరణ నాకు తెలిసినంతలో ఆరిజోనాలో ఉంది. ఫీనిక్స్, చాండ్లర్ ప్రాంతాల్లో మనవాళ్ళు వేలమంది ఉన్నారు. ఎడారిలో ఆ పచ్చిక, ఆ స్విమ్మింగ్ పూళ్ళు ఎలా సాధ్యమో ఎప్పుడైనా ఆలోచించారా? కొలరాడో నది నీళ్ళు మూడు వందల మైళ్ళకు పైగా కాలువలో ప్రయాణించి, దాదాపు మూడు వేల అడుగుల ఎత్తు ఎక్కి అక్కడికి వస్తాయి. నీళ్ళని పైకి తోడాలంటే కరెంటు కావాలి. 1960ల్లో ప్రభుత్వం దానికోసం గ్రాండ్ కాన్యన్ ప్రాంతంలో డ్యాములు కడదామనుకుంది. ప్రకృతి ప్రేమికులు దేశమంతా గగ్గోలు పెట్టి ఆపించారు. మంచి పనే. కానీ డ్యాము ఆగితే కరెంటు అవసరం ఆగుతుందా? దాని బదులు నవహో ఆదివాసుల నేల మీద, పేజ్ అనే ఊరి దగ్గర, 2,250 మెగావాట్ల బొగ్గు కేంద్రం కట్టారు. బ్లాక్ మెసాలో బొగ్గు తవ్వి, దానికోసమే వేసిన ఎలక్ట్రిక్ రైల్లో తెచ్చి మండించారు. 1974 నుంచి 2019 నవంబరు దాకా ఆ మూడు పొగగొట్టాలు, ఒక్కొక్కటి 775 అడుగులు, ఆకాశంలో నిలబడ్డాయి. నీళ్ళు ఫీనిక్స్‌కి, టూసాన్‌కి. కరెంటు నగరాలకి. ఆ తీగల కింద కాపురముంటున్న నవహో కుటుంబాల్లో వేల ఇళ్ళకి మాత్రం కరెంటు కనెక్షనే లేదు! కేంద్రం మూసేసినప్పుడు గాలి బాగుపడిందని సంతోషించినవాళ్ళు ఉన్నారు. ఉద్యోగాలూ, రాయల్టీ సొమ్మూ పోయాయని ఏడ్చినవాళ్ళూ ఆ తెగలోనే ఉన్నారు. రెండూ నిజమే.

ఇక పటాల సంగతికి వస్తాను. కరెంటుకి రంగూ, వాసనా లేవు. తీగలో వస్తున్నది నయాగరా కరెంటో, బొగ్గు కరెంటో ఏ మీటరూ చెప్పలేదు. నదిలో నాలుగు వాగులు కలిశాక ఏ చెంబులో ఏ వాగు నీళ్ళున్నాయో చెప్పలేనట్టే. చెయ్యగలిగింది ఒక్కటే. ప్రతి వాగులో ఎంత నీరు వస్తోందో విడివిడిగా కొలిచి, లెక్క కట్టి, బొమ్మ గీయాలి.

ఆ కొలతల్లో మొదటిది ఏ ఒక్క కేంద్రానిదీ కాదు, భూమి మొత్తానిది. 1958 మార్చిలో చార్లెస్ డేవిడ్ కీలింగ్ హవాయి దీవుల్లోని మౌనా లోవా కొండ మీద గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కొలవడం మొదలుపెట్టాడు. అప్పుడు గాలిలో పది లక్షల పాళ్ళకి 315 పాళ్ళకి దగ్గరగా ఉండేది. 2024లో 420 దాటింది. ఆయన గీసిన రంపపు పళ్ళలాంటి గీత ప్రపంచంలో అందరికీ తెలిసిన బొమ్మల్లో ఒకటయింది. కాని పొగ ఎంత పెరిగిందో ఆ గీత చెబుతుంది గాని, ఎవరి పొయ్యిలోంచి వచ్చిందో చెప్పదు.

రెండో బొమ్మ లివర్‌మోర్‌ది. లివర్‌మోర్ అనగానే బే ఏరియా తెలుగువాళ్ళకి శివ-విష్ణు దేవాలయం గుర్తొస్తుంది, ఆ తరవాత గుడి క్యాంటీన్ పులిహోర గుర్తొస్తుంది. అదే ఊళ్ళోని జాతీయ ప్రయోగశాల 1970ల నుంచి అమెరికా ఇంధనమంతా ఎటు నుంచి ఎటు పోతోందో ఒకే కాగితం మీద గీసి ప్రచురించింది. ఎడమవైపు బొగ్గు, చమురు, వాయువు, నీరు, అణుశక్తి రకరకాల రంగుల కాలువలుగా బయలుదేరి, మధ్యలో కరెంటు అనే చెరువులో కొన్ని కలిసి, కుడివైపు ఇళ్ళకీ, ఫ్యాక్టరీలకీ, కార్లకీ చేరతాయి. అన్నిటికన్నా లావైన కాలువ మాత్రం ఇంటికీ పోదు, ఫ్యాక్టరీకీ పోదు. అది వృథాగా పోయే వేడి. తవ్విన దాంట్లో రమారమి మూడింట రెండు వంతులు దానిపాలే. మా పిల్లలకి ఇంధనం గురించి చెప్పాల్సివచ్చినప్పుడు నేను ఈ బొమ్మే చూపించాను.

మూడోది నా దృష్టిలో అన్నిటికన్నా గొప్పది, ఎవరూ పెద్దగా పట్టించుకోనిది. 1980ల్లో మిడ్‌వెస్ట్ బొగ్గు కేంద్రాల గంధకపు పొగ గాలిలో తూర్పుకి పోయి, న్యూయార్క్, న్యూ ఇంగ్లండ్, కెనడా చెరువుల మీద ఆమ్లవర్షంగా కురిసేది. దాన్ని ఆపడానికి 1990 నవంబరులో పెద్ద బుష్ సంతకం చేసిన చట్టం ప్రతి పెద్ద పొగగొట్టంలోనూ ఎడతెగకుండా కొలిచే పరికరం పెట్టమంది. ఆ చట్టంలో 821 అనే సెక్షన్ ఒకటి ఉంది. గంధకంతోపాటు కార్బన్ డయాక్సైడ్ లెక్క కూడా చెప్పాలని అందులో రాశారు. దాన్ని తగ్గించమని అనలేదు, లెక్క చెప్పమన్నారంతే. ఆ ఒక్క వాక్యంతో అమెరికా పొగగొట్టాలకి గంటగంటకీ పద్దు పుస్తకం ఏర్పడింది. 1998లో పర్యావరణ సంస్థ ఈపీఏ ఆ పద్దులన్నీ కలిపి ఈగ్రిడ్ అనే పేరుతో ప్రాంతాలవారీగా ప్రచురించడం మొదలుపెట్టింది. ఈ వ్యాసం మొదట్లో నేను చెప్పిన వెస్ట్ వర్జీనియా, టెక్సాస్, వాషింగ్టన్ లెక్కలకి ఆధారం అదే. మన దేశంలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఇలాంటి పద్దు 2006 నుంచి ప్రచురిస్తోంది.

పద్దు పుస్తకం ఉన్నా తగాదాలు తీరలేదు. యూటాలోని డెల్టా అనే ఊరి దగ్గర 1986లో మొదలైన బొగ్గు కేంద్రం కరెంటులో పెద్ద వాటా దశాబ్దాలపాటు లాస్ ఏంజిలిస్‌కి వెళ్ళింది. పొగ యూటా ఖాతాలో రాయాలా, కాలిఫోర్నియా ఖాతాలోనా? పుట్టిన చోట రాస్తే కాలిఫోర్నియా పచ్చగా కనిపిస్తుంది. వాడిన చోట రాస్తే ఆ పచ్చదనం కొంత వెలుస్తుంది. ఇంకో చిక్కు సహజవాయువుది. అది మండితే బొగ్గుకన్నా సగం కన్నా తక్కువ పొగ వస్తుంది గాని, బావి దగ్గరా పైపుల్లోనూ కారిపోయే మీథేన్ పొగగొట్టంలోని మీటరుకి దొరకదు. సబ్‌స్టేషన్లలో బ్రేకర్ల కోసం మేం వాడే ఎస్‌ఎఫ్6 అనే వాయువు సంగతి చెప్పనే అక్కరలేదు, ఒక కిలో కారితే ఇరవై వేల కిలోల కార్బన్ డయాక్సైడ్‌కి మించిన చేటు.

అట్లాంటిక్ అవతల ఈ పటాలు మరీ ముచ్చటగా ఉంటాయి. 2015లో యూరప్ గ్రిడ్ సంస్థలన్నీ తమ లెక్కలు ఒకేచోట బయటపెట్టడం మొదలుపెట్టాయి. 2016లో కోపెన్‌హాగన్‌లో ఒక చిన్న బృందం వాటితో క్షణక్షణం మారే పటం తయారుచేసింది. తక్కువ పొగ దేశం పచ్చన, ఎక్కువ పొగ దేశం గోధుమ రంగు. పక్కపక్క దేశాల మధ్య కరెంటు ఎటు పోతోందో బాణం గుర్తులు. మన రాష్ట్రాలంత దేశాలే కదా అవి, పక్కపక్కనే ఉంటూ ఎంత తేడానో! నార్వే పచ్చన, కారణం నీళ్ళు. ఫ్రాన్స్ పచ్చన, కారణం అణువిద్యుత్తు. 1973 చమురు సంక్షోభం దెబ్బకి 1974 మార్చిలో ప్రధాని మెస్మెర్ ప్రకటించిన ప్రణాళిక అది. అప్పుడాయన భయం చమురు గురించే, భూమి వేడెక్కడం గురించి కాదు. పోలండ్ గోధుమ రంగు, తన బొగ్గు తన కాళ్ళ కిందే ఉంది గనక. జర్మనీ 2023 ఏప్రిల్ 15న చివరి మూడు అణు రియాక్టర్లు మూసింది. గాలి బాగా వీచే రోజు అది పచ్చబడుతుంది, గాలి ఆగిన చలికాలపు రాత్రి ఎర్రమట్టి రంగుకొస్తుంది.

అమెరికా పటమూ మారుతూనే ఉంది. 2005 ప్రాంతంలో ఈ దేశపు కరెంటులో సగం బొగ్గుది. 2023కి ఆ వాటా ఆరోవంతుకి దిగింది. కరెంటు కేంద్రాల కార్బన్ డయాక్సైడ్ రమారమి నలభై శాతం తగ్గింది. ఎక్కువ భాగం చవక సహజవాయువు చలవ, మిగతాది గాలి, ఎండ. గాలి విషయంలో అందరికన్నా ముందున్నది చమురు రాష్ట్రమైన టెక్సాస్. 1999లో గవర్నరుగా చిన్న బుష్ సంతకం చేసిన చట్టం దానికి నాంది. పడమటి టెక్సాస్ గాలిని డాలస్, హ్యూస్టన్ల దాకా తేవడానికి రమారమి ఏడు వందల కోట్ల డాలర్లతో తీగలు వేశారు. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో మాత్రం అక్కడి మన కుటుంబాలు పిల్లలతో కారులో హీటర్ వేసుకుని కూర్చున్న రోజులు మరిచిపోలేం. గాలిమరలు గడ్డకట్టాయని టీవీల్లో ఊదరగొట్టారు గాని, ఎక్కువ నష్టం జరిగింది వాయువు బావులు, పైపులు, కేంద్రాలు గడ్డకట్టడం వల్ల. ప్రభుత్వ లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు. టెక్సాస్ గ్రిడ్ మిగతా దేశంతో గట్టిగా కలిసి లేకపోవడం కూడా 1935 నాటి ఫెడరల్ చట్టాన్ని తప్పించుకోవడానికి చేసిన పాత నిర్ణయమే. మన దక్షిణాది గ్రిడ్ ఇంచుమించు అలాగే విడిగా ఉండి, 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ లైనుతో మిగతా దేశంతో జత కలిసింది. అందుకే ఇప్పుడు మన కరెంటు పొగ లెక్క దేశమంతటికీ కలిపి ఒకటే వేస్తారు. కర్నూలు జిల్లా గని, శకునాల గ్రామాల దగ్గర 2017లో వెలిసిన వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఎండ కూడా ఆ పెద్ద చెరువులోనే కలిసిపోతుంది.

రెండు సంగతులు చెప్పి ఆపుతాను. 2025 సెప్టెంబరులో ఈపీఏ ఒక ప్రతిపాదన చేసింది. వేల ఫ్యాక్టరీలు, కేంద్రాలు 2010 నుంచి ఏటా ఇస్తున్న హరితగృహ వాయువుల లెక్కని చాలావాటికి రద్దు చేయాలన్నది దాని సారాంశం. 1990 నాటి పొగగొట్టపు మీటర్ల చట్టం వేరు, ఇది వేరు. అయినా పద్దు పుస్తకం మూస్తే అప్పు తీరదని మన పల్లెటూరి షావుకారికి కూడా తెలుసు. పార్టీలు ఏవైనా కావచ్చు, ఇంజనీరుగా నాకు కొలత ఆపడం అన్నది మింగుడుపడదు.

రెండోది మన ఉద్యోగాలకి సంబంధించినది. గూగుల్ సొంతంగా కట్టుకున్న మొదటి డేటా సెంటర్ 2006లో ఎక్కడ మొదలైందనుకున్నారు? సెలైలో జలపాతాన్ని ముంచిన ఆ ద డాల్స్ ఊళ్ళోనే. నది కరెంటు చవక గనక. 2023కి అమెరికా కరెంటులో నాలుగు శాతానికి పైగా డేటా సెంటర్లే వాడాయి. ఐర్లండ్‌లో అయితే ఐదో వంతు దాటింది. మూసేసిన త్రీ మైల్ ఐలండ్ రియాక్టరును మైక్రోసాఫ్ట్ అవసరాల కోసం మళ్ళీ నడిపే ఒప్పందం 2024 సెప్టెంబరులో జరిగింది. 1979లో ప్రమాదం జరిగిన యూనిట్ కాదు, దాని పక్కది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో పదిహేను వందల కోట్ల డాలర్లతో పెద్ద డేటా సెంటర్ కడతామని ప్రకటించింది. మనవాళ్ళందరం పండగ చేసుకున్నాం, చేసుకోవాలి కూడా. విశాఖ పక్కనే పరవాడలో సింహాద్రి బొగ్గు కేంద్రం ఉంది, రెండు వేల మెగావాట్లు. ఎగువన సీలేరు నీళ్ళున్నాయి. రాయలసీమలో ఎండ ఉంది, గాలి ఉంది. ఆ డేటా సెంటరుకి ఏ గంటలో ఏ కరెంటు ఎంత వెళ్తోందో గంటగంటకీ జనానికి చూపించమని అడగడం కష్టమేమీ కాదు. ఆ పటం గీయగల తెలుగు పిల్లలు ఈ కన్వెన్షన్ హాల్లోనే వందమంది ఉంటారు.